సుఖవ్యాధుల గుర్తింపు, నియంత్రణ: గోప్యత కాపాడితేనే రోగం బయటపడుతుంది

(ప్రత్యేక వ్యాసం)

గర్భం దాల్చిన తొలి నెలల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మహిళకు రక్తహీనత, రక్తవర్గం, మధుమేహ పరీక్షలతోపాటు సిఫిలిస్ పరీక్ష కూడా జరిపించి, వ్యాధి ఉన్నట్లు తేలిన వెంటనే పెన్సిలిన్ సూదిమందు ఇవ్వగలిగితే పుట్టబోయే బిడ్డను కాపాడుకోవచ్చు. ఆ పరీక్ష జరగకపోయినా, జరిగి ఫలితం ఆమెకు చేరకపోయినా, ఫలితం తెలిసి కూడా నలుగురి నోళ్లలో పడతానన్న భయంతో ఆమె మళ్లీ ఆసుపత్రి గడప తొక్కకపోయినా ఆ బిడ్డ కడుపులోనే మరణించవచ్చు, లేదా వ్యాధితో జన్మించవచ్చు. సిఫిలిస్‌కు పెన్సిలిన్ పనిచేస్తుందని 1943లో అమెరికా వైద్యుడు జాన్ మహోనీ బృందం నిరూపించింది. ఎనిమిది దశాబ్దాలు గడచినా ఈ శిశు మరణాలు ప్రపంచమంతటా సంభవిస్తూనే ఉన్నాయి. మందు దొరకక కొన్ని, రోగి దొరకక మరెన్నో ప్రాణాలు పోతున్నాయి.

సుఖవ్యాధుల విషయంలో రోగిని గుర్తించడం ఎందుకు కష్టం? అందుకు ప్రజారోగ్య యంత్రాంగం అనుసరిస్తున్న మార్గాలేమిటి? తెలుగు రాష్ట్రాల అనుభవం ఏమి చెబుతున్నది? ఈ అంశాలను అధికారులు, పాత్రికేయుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

వ్యాధుల స్వరూపం

లైంగిక సంపర్కం ద్వారా ఒకరి నుంచి మరొకరికి సోకే సూక్ష్మక్రిములు ముప్పైకి పైగా ఉన్నాయి. వీటిలో ఎనిమిది ప్రధానమైనవి. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు మందులతో పూర్తిగా నయమవుతాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, జననాంగ హెర్పిస్, హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే నాలుగు వైరస్ వల్ల కలిగేవి. వీటిని చికిత్సతో అదుపులో ఉంచవచ్చు. హెపటైటిస్-బి, పాపిలోమా వైరస్‌లను టీకాతో ముందుగానే నివారించవచ్చు. మన పెద్దలు సిఫిలిస్‌ను సవాయి అని, గనేరియాను సెగరోగమని వ్యవహరించేవారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2020లో 15 నుంచి 49 సంవత్సరాల వయసు వారిలో, నయమయ్యే ఆ నాలుగు వ్యాధులే 37.4 కోట్ల మేరకు కొత్తగా సోకాయి. అంటే రోజుకు పది లక్షల పైమాటే. ఇందులో ట్రైకోమోనియాసిస్ 15.6 కోట్లు, క్లమీడియా 12.9 కోట్లు, గనేరియా 8.2 కోట్లు, సిఫిలిస్ 71 లక్షలు. సిఫిలిస్ 2022 నాటికి 80 లక్షలకు పెరిగినట్లు అదే సంస్థ తదుపరి అంచనాలు తెలిపాయి.

ఈ వ్యాధులకు గల ప్రధాన లక్షణం మౌనం. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా కనిపించదు. సిఫిలిస్‌లో తొలుత వచ్చే పుండు నొప్పి పుట్టించదు, కొన్ని వారాలలో దానంతటదే మానిపోతుంది. రోగి ఉపశమనం కలిగిందని భావిస్తాడు గాని క్రిమి శరీరంలోనే ఉంటుంది. ఏళ్ల తరువాత అది గుండెను, మెదడును, నాడీమండలాన్ని దెబ్బతీయవచ్చు. చికిత్స పొందని గనేరియా, క్లమీడియా స్త్రీలలో గర్భాశయ నాళాలను పాడుచేసి సంతానలేమికి, ప్రాణాపాయం కలిగించే నాళగర్భానికి దారితీస్తాయి. జననాంగాలపై పుండు ఉన్నవారికి హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం, వారి నుంచి ఇతరులకు సంక్రమించే ప్రమాదం రెండూ అధికమవుతాయి.

క్రిమి పాటించే మౌనానికి సమాజం పాటించే మౌనం తోడవుతున్నది. దగ్గు వచ్చినవాడు పదిమందిలో చెప్పుకుంటాడు. ఈ వ్యాధి వచ్చినవాడు కట్టుకున్న భార్యకు కూడా చెప్పుకోలేక రహస్యంగా మందుల దుకాణాన్నో, గోడల మీద ప్రకటనలు వేసుకునే నకిలీ వైద్యుడినో ఆశ్రయిస్తాడు. అరకొర మందు వాడి, లక్షణం తగ్గగానే మానివేస్తాడు. ఆ వివరం ఏ ఆసుపత్రి లెక్కల్లోకీ రాదు.

బలవంతం నేర్పిన పాఠం

ఈ మౌనాన్ని బలప్రయోగంతో ఛేదించాలన్న ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైనికులలో సుఖవ్యాధుల వ్యాప్తికి కలవరపడిన నాటి ప్రభుత్వం 1868లో అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకోవాలి, నిర్బంధ వైద్య పరీక్షలకు హాజరు కావాలి, వ్యాధి ఉన్నట్లు తేలితే ‘లాక్ హాస్పిటల్’ అనే ప్రత్యేక ఆసుపత్రులలో ఉండిపోవాలి. తెలుగు జిల్లాలు అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలోనూ ఇటువంటి ఆసుపత్రులు ఉండేవి. వ్యాధిని తెచ్చి పెట్టే పురుషునికి మాత్రం ఆ చట్టం కింద పరీక్ష లేదు. నమోదు తప్పించుకునేందుకు స్త్రీలు ఊళ్లు మారారు, పేర్లు మార్చుకున్నారు. వ్యాధి తగ్గకపోగా కనబడకుండా పోయింది. బ్రిటన్‌లో జోసఫీన్ బట్లర్ నాయకత్వంలో సాగిన ఉద్యమ ఫలితంగా అక్కడి చట్టాలు 1886లోను, మన దేశంలోని చట్టం 1888లోను రద్దయ్యాయి.

అనంతర కాలంలో బ్రిటన్ ఇందుకు పూర్తిగా భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. రాయల్ కమిషన్ సిఫారసు మేరకు 1916లో స్థానిక సంస్థల ఆధ్వర్యంలో ఉచితంగా, గోప్యంగా చికిత్స అందించే క్లినిక్‌లు నెలకొల్పారు. వ్యయంలో 75 శాతాన్ని కేంద్ర ప్రభుత్వమే భరించింది. ఎవరైనా రావచ్చు, వచ్చినవారి వివరాలు బయటకు పొక్కవు అన్న హామీయే ఆ విధానానికి పునాది. నేడు అనేక దేశాలలో అమలవుతున్న సుఖవ్యాధుల నియంత్రణ కార్యక్రమాలకు ఈ సూత్రమే మూలం.

పత్రికల మౌనం, పత్రికల వెలుగు

ఈ చరిత్రలో ప్రసార మాధ్యమాల పాత్ర రెండు విధాలుగా కనిపిస్తుంది. 1934లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్‌గా ఉన్న డాక్టర్ థామస్ పారన్ రేడియోలో ప్రసంగించవలసి ఉండగా, ‘సిఫిలిస్’, ‘గనేరియా’ అనే మాటలు పలకరాదని ప్రసార సంస్థ ఆంక్ష విధించింది. ఆయన ప్రసంగమే మానుకున్నారు. రెండేళ్లకు అమెరికా సర్జన్ జనరల్ పదవి చేపట్టి, పత్రికలలో ఆ వ్యాధి పేరును బాహాటంగా రాశారు. రోగులను వెదికి గుర్తించడం, తక్షణ చికిత్స, వారితో సంబంధం ఉన్నవారిని పరీక్షించడం, వివాహానికి ముందు, గర్భధారణ సమయంలో రక్తపరీక్షలు, ప్రజలకు అవగాహన అనే ఐదంచెల ప్రణాళికను దేశం ముందుంచారు. 1938లో ఆ దేశ కాంగ్రెస్ ఇందుకోసం ప్రత్యేక చట్టం చేసి నిధులు కేటాయించింది.

అదే దేశంలో, అదే ప్రజారోగ్య సేవా విభాగం ఆధ్వర్యంలో అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో 1932లో మరొక అధ్యయనం మొదలయింది. టస్కిగీ అధ్యయనంగా పేరుపడిన ఇందులో 600 మంది నల్లజాతి పురుషులు ఉండగా వారిలో 399 మందికి సిఫిలిస్ ఉండేది. వ్యాధి పేరు వారికి చెప్పలేదు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా ఇవ్వలేదు. 1972 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఈ ఉదంతాన్ని వెల్లడించిన తరువాతనే నలభై ఏళ్ల ఆ ఘోరం ఆగింది. 1997లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. వ్యాధి పేరును దాచిన మాధ్యమం కీడు చేసింది, అధికారుల తప్పును బయటపెట్టిన మాధ్యమం మేలు చేసింది. రోగి పేరును బయటపెట్టవలసిన అవసరం ఈ రెండు సందర్భాలలోనూ కలగలేదు.

గుర్తింపునకు ఐదు మార్గాలు

ప్రజారోగ్య యంత్రాంగం రోగులను ఐదు మార్గాలలో గుర్తిస్తుంది. ఏ ఒక్క మార్గమూ తనంతట తాను సరిపోదు.

మొదటిది, బాధతో ఆసుపత్రికి వచ్చినవారికి లక్షణాలను బట్టి చికిత్స. ప్రయోగశాల ఫలితం కోసం వేచి ఉండకుండా, పుండు, స్రావం, పొత్తికడుపు నొప్పి, గజ్జల్లో గడ్డలు వంటి లక్షణ సముదాయాన్ని చూసి, అందుకు కారణం కాగల ముఖ్య వ్యాధులన్నింటికీ అదే రోజున మందు ఇవ్వడం ఈ పద్ధతి. మన దేశంలో 2007 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఏడు రంగుల మందుల కిట్లు ప్రవేశపెట్టారు. మూత్రనాళ స్రావానికి బూడిద రంగు, యోని స్రావానికి ఆకుపచ్చ, పుండ్లకు తెలుపు, పెన్సిలిన్ పడనివారికి నీలం, హెర్పిస్ పుండ్లకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల గడ్డలకు నలుపు రంగు కిట్ కేటాయించారు. మందుల పేర్లు గుర్తు పెట్టుకోనవసరం లేకుండా మారుమూల కేంద్రంలోని సిబ్బంది సైతం పొరపాటు లేకుండా మందు ఇవ్వగలగడం, రోగి ఏ వ్యాధికి మందు తీసుకుంటున్నదీ పక్కవారికి తెలియకపోవడం ఈ ఏర్పాటులోని సౌలభ్యం. అయితే లక్షణాలు లేనివారు ఈ మార్గంలో ఎన్నటికీ కనబడరు. స్త్రీలలో తెల్లబట్ట అన్ని సందర్భాలలోనూ సుఖవ్యాధి కాదు కనుక అనవసరపు చికిత్సకు, అనవసరపు అనుమానానికి కూడా తావుంటుంది.

రెండవది, లక్షణాలు లేనివారికి పరీక్షలు. గర్భిణులందరికీ సిఫిలిస్, హెచ్.ఐ.వి. పరీక్షలు, రక్తనిధి కేంద్రాలలో దాతల రక్తానికి హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు ఈ కోవలోకి వస్తాయి.

మూడవది, రోగి భాగస్వాముల గుర్తింపు. నాలుగవది, ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాల వద్దకు వారి తోటివారి ద్వారానే వెళ్లడం. ఐదవది, నిఘా సర్వేలు. మన దేశంలో 1998 నుంచి నిర్వహిస్తున్న హెచ్.ఐ.వి. సెంటినల్ సర్వేలో గర్భిణులను, సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చేవారిని మొదటి నుంచీ చేర్చారు. వ్యాధి ఏ జిల్లాలో, ఏ వర్గంలో పెరుగుతున్నదో తెలుసుకునేందుకు ఈ సర్వేలు తోడ్పడతాయి. వ్యక్తుల పేర్లతో వీటికి నిమిత్తం లేదు.

గుర్తించి చికిత్స చేసినంత మాత్రాన ఫలితం ఒకే విధంగా ఉంటుందని చెప్పలేము. టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో సాధారణ ఆరోగ్య కేంద్రాలలోనే సుఖవ్యాధుల చికిత్సను మెరుగుపరచగా, కొత్తగా హెచ్.ఐ.వి. సోకడం సుమారు 40 శాతం తగ్గినట్లు 1995లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఉగాండాలోని రకాయి జిల్లాలో పది నెలలకొకసారి ఇంటింటికీ వెళ్లి అందరికీ మందు పంచగా హెచ్.ఐ.వి. వ్యాప్తిలో తేడా కనబడలేదని 1999లో వెల్లడైంది. రెండు ప్రాంతాలలో హెచ్.ఐ.వి. వ్యాప్తి దశ వేరు కావడం ఇందుకు ఒక కారణమని నిపుణులు వివరించారు. రోగి వచ్చిన రోజున వైద్యం సిద్ధంగా ఉండే ఆరోగ్య కేంద్రం ఏడాది పొడవునా పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి జరిగే మందుల పంపిణీ దానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

భాగస్వామికి చికిత్స

ఉదాహరణకు ఒక లారీ డ్రైవర్ సెగరోగంతో ఆసుపత్రికి వచ్చి మందు వాడి కోలుకున్నాడనుకుందాం. ఇంటి వద్ద భార్యకు అప్పటికే వ్యాధి సోకి ఉంటే, ఆమెకు బాధ తెలియకపోయినా, అతనికి అది తిరిగి సోకుతుంది. ఒకరికి చికిత్స చేసి మరొకరిని వదిలివేయడం చిల్లుకుండలో నీరు పోయడమే.

భాగస్వామిని రప్పించేందుకు మూడు పద్ధతులున్నాయి. రోగి తానే చెప్పి తీసుకురావడం ఒకటి. రోగి అనుమతితో ఆరోగ్య కార్యకర్త, రోగి పేరు చెప్పకుండా, భాగస్వామికి సమాచారం అందించడం రెండవది. ఒక గడువు నిర్ణయించుకుని, ఆలోగా రోగి చెప్పలేకపోతే కార్యకర్త చెప్పడం మూడవది. మూడింటిలోనూ రోగి విశ్వాసమే పెట్టుబడి. తాను చెప్పిన పేరు మూడో చెవిన పడదని నమ్మితేనే అతడు నోరు విప్పుతాడు.

ఇక్కడ స్త్రీల స్థితిని ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇతరులకు సోకే దశలోని సుఖవ్యాధి విడాకులకు ఒక కారణంగా పేర్కొనబడింది. భర్త వల్లనే వ్యాధి సోకినా, గర్భిణీ పరీక్షలలో ముందుగా బయటపడేది భార్య రక్తంలోనే కనుక నింద ఆమెపై పడే ప్రమాదం ఉంటుంది. ఈ కారణంగా హెచ్.ఐ.వి. విషయంలో 2017 నాటి చట్టం స్పష్టమైన రక్షణ కల్పించింది. భాగస్వామికి తెలియజేయడం వల్ల హింసకు, పరిత్యాగానికి గురయ్యే అవకాశం ఉన్నప్పుడు, ముఖ్యంగా స్త్రీల విషయంలో, ఆ సమాచారం వెల్లడించరాదని ఆ చట్టం నిర్దేశిస్తున్నది. ఇతర సుఖవ్యాధుల విషయంలోనూ కౌన్సెలర్లు ఇదే జాగ్రత్త పాటించడం ఉచితం.

తల్లి నుంచి బిడ్డకు

చికిత్స పొందని తొలిదశ సిఫిలిస్ ఉన్న గర్భిణులలో సగానికి పైగా గర్భాలు దుష్ఫలితాలకు గురవుతాయి. మృతశిశు జననం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, పుట్టిన కొద్ది రోజులకే మరణం వాటిలో ముఖ్యమైనవి. తొలిదశ వ్యాధికి 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు సరిపోతుంది. ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొకటి వంతున మూడు మోతాదులు ఇస్తారు. బిడ్డకు పూర్తి రక్షణ లభించాలంటే ఈ చికిత్స కాన్పుకు కనీసం నాలుగు వారాల ముందు మొదలు కావాలి. గర్భంలోని శిశువుకు చికిత్సను నిశ్చయంగా చేర్చగలిగిన మందు పెన్సిలిన్ ఒక్కటే. అందువల్ల మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడే పరీక్ష జరగడం, ఫలితం ఆనాడే చేతికి అందడం కీలకం. వేలి నుంచి తీసిన రక్తంతో నిమిషాలలో హెచ్.ఐ.వి., సిఫిలిస్ రెండింటినీ తెలిపే జంట పరీక్ష కిట్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ప్రతి నెల 9వ తేదీన నిర్వహించే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ శిబిరాలు కూడా ఇందుకు తగిన వేదికలు. ఈ కార్యక్రమం 2016లో ప్రారంభమైంది.

ఆచరణలో రెండు అవరోధాలు ఎదురవుతాయి. పెన్సిలిన్ వికటిస్తుందన్న భయంతో కొన్ని చోట్ల సూదిమందు ఇవ్వకుండా గర్భిణిని పెద్దాసుపత్రికి పంపుతారు. ఆమె అక్కడికి వెళ్లకపోతే కేసు చేజారినట్లే. పెన్సిలిన్ వల్ల తీవ్రమైన ఎలర్జీ అరుదు. అత్యవసర మందులు సిద్ధంగా ఉంచుకుని, శిక్షణ పొందిన వైద్యుని పర్యవేక్షణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దీనిని ఇవ్వవచ్చు. రెండవది మందుల కొరత. తయారీదారులకు లాభం స్వల్పమైన ఈ పాత మందు అనేక దేశాలలో కొరతగా ఉన్నదని 2016లో ప్రపంచ ఆరోగ్య మహాసభ గుర్తించింది. నిల్వలు అడుగంటకముందే ఇండెంటు పంపడం జిల్లా అధికారుల బాధ్యత.

తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి., సిఫిలిస్ సంక్రమణను నిర్మూలించిన తొలి దేశంగా 2015లో క్యూబాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 2016లో థాయిలాండ్, 2019లో మన పొరుగున ఉన్న శ్రీలంక ఆ గౌరవం పొందాయి. గర్భిణులలో కనీసం 95 శాతం మందికి వైద్య సేవలు అందడం, 95 శాతం మందికి పరీక్ష జరగడం, వ్యాధి ఉన్నవారిలో 95 శాతం మందికి చికిత్స లభించడం, లక్ష సజీవ జననాలకు పుట్టుకతో వచ్చే సిఫిలిస్ కేసులు 50కి మించకపోవడం ఇందుకు ప్రమాణాలు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 1992లో ప్రారంభమైంది. సుఖవ్యాధుల నియంత్రణ అందులో అంతర్భాగమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. భారం అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. 2005-06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 సంవత్సరాల వయసు వారిలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. అప్పటి జాతీయ సగటు 0.28 శాతం. విడిగా అంచనా వేసిన రాష్ట్రాలలో మణిపూర్ తరువాతి స్థానం మనదే.

ఆ దశకంలో ముమ్మరంగా కృషి జరిగింది. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ 2003లో ఆరు రాష్ట్రాలలో చేపట్టిన ‘ఆవాహన్’ కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అనంతరం దాని బాధ్యతలు దశలవారీగా ప్రభుత్వానికి బదిలీ అయ్యాయి. సెక్స్ వర్కర్లకు వారి తోటివారినే కార్యకర్తలుగా నియమించడం, కండోమ్‌లు చేరువలో ఉంచడం, క్రమం తప్పని వైద్య పరీక్షలు ఇందులో ముఖ్యాంశాలు. ఈ పద్ధతికి ముందే మన దేశంలో మార్గం చూపినది కోల్‌కతాలోని సోనాగాఛి. అక్కడ 1992లో డాక్టర్ స్మరజిత్ జానా ఆధ్వర్యంలో మొదలైన ప్రాజెక్టు, సెక్స్ వర్కర్లను రోగులుగా కాక భాగస్వాములుగా పరిగణించింది. 1868 నాటి చట్టం వారిని వెంటాడగా, ఈ కార్యక్రమం వారి సహకారం కోరింది. రెండింటి ఫలితాలలోని తేడా సుస్పష్టం.

ప్రభుత్వ ఆసుపత్రులలోని సుఖవ్యాధుల విభాగాలకు ‘సురక్ష క్లినిక్’ అన్న పేరు పెట్టడం వెనుక కూడా ఈ ఆలోచనే ఉన్నది. బోర్డు మీద వ్యాధి పేరు కనబడితే ఆ గదిలో అడుగు పెట్టేందుకు వెనుకాడేవారు, ఆ పేరు లేనప్పుడు ధైర్యంగా రాగలుగుతారు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన అనంతరం రెండు రాష్ట్రాలలో వేర్వేరు ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు ఈ సేవలను పర్యవేక్షిస్తున్నాయి. 2021-26 కాలానికి రూపొందించిన ఐదవ దశ జాతీయ కార్యక్రమం, తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి., సిఫిలిస్ సంక్రమణ నిర్మూలనను తన లక్ష్యాలలో చేర్చింది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్.ఐ.వి. ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం. జాతీయ సగటు 0.20 శాతం. 2005-06 నాటి సంఖ్య ఇంటింటి సర్వేలో రక్తపరీక్షల ద్వారా వచ్చినది, 2023 నాటిది గణిత నమూనా ద్వారా రూపొందిన అంచనా. రెండింటినీ నేరుగా సరిపోల్చడం సమంజసం కాదని పాత్రికేయ మిత్రులు గమనించగలరు. అయినప్పటికీ రెండు రాష్ట్రాలూ జాతీయ సగటు కంటె ఎగువనే ఉన్నాయి గనుక అలసత్వానికి తావు లేదు.

ఔషధాలకు లొంగని గనేరియా

సొంత వైద్యం, అరకొర మందుల వాడకం మరొక ముప్పును తెచ్చిపెట్టాయి. గనేరియా క్రిమి పెన్సిలిన్‌కు, టెట్రాసైక్లిన్‌కు, సిప్రోఫ్లాక్సాసిన్‌కు వరుసగా లొంగకుండా పోయింది. ఇప్పుడు సెఫలోస్పోరిన్ వర్గపు మందులే ప్రధాన ఆధారం. వాటికి సైతం లొంగని క్రిములు కొన్ని దేశాలలో కనిపించాయి. అందువల్ల లక్షణాలను బట్టి మందు ఇవ్వడంతోపాటు ప్రయోగశాల నిర్ధారణను విస్తరించడం, ఏ మందు పనిచేస్తున్నదో నమూనాల ద్వారా పరీక్షించడం అవసరమవుతున్నది.

వార్తా రచనలో పాటించవలసినవి

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో ఆమోదం పొంది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులోకి వచ్చింది. సమ్మతి లేకుండా పరీక్ష జరపరాదు. పరీక్ష వివరాలను గోప్యంగా ఉంచాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారిపై విద్వేషం రెచ్చగొట్టే ప్రచురణలకు మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధిత బాలల గుర్తింపును తెలిపే పేరు, చిరునామా, ఫొటో, పాఠశాల వివరాలు ప్రచురించరాదు. ఈ నేపథ్యంలో ఈ క్రింది అంశాలు గమనార్హం.

1. పేరు రాయకపోయినా ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు కలిస్తే వ్యక్తి ఎవరో తెలిసిపోతుంది. చిన్న గ్రామమైతే ‘ఫలానా వీధిలోని గర్భిణి’ అన్న మాట ఒక్కటే చాలు.

2. కేసుల సంఖ్య పెరిగిందంటే వ్యాధి పెరిగిందనే అర్థం రాదు. పరీక్షలు పెరిగినా కేసులు పెరుగుతాయి. ఎంతమందికి పరీక్షలు జరిపితే ఎన్ని కేసులు వచ్చాయో కలిపి ఇవ్వాలి. అధికారులు సైతం రెండు అంకెలూ జతచేసి విడుదల చేయాలి.

3. సిఫిలిస్‌లో కొన్ని పరీక్షలు వ్యాధి నయమైన తరువాత కూడా జీవితాంతం పాజిటివ్‌గానే చూపుతాయి. వి.డి.ఆర్.ఎల్., ఆర్.పి.ఆర్. పరీక్షలలో కొలత నాలుగో వంతుకు తగ్గితే చికిత్స ఫలించినట్లు భావిస్తారు. ఒక్క పాజిటివ్ ఫలితాన్ని బట్టి ఒకరిని రోగిగా నిర్ణయించడం తగదు.

4. ఒక వర్గాన్ని, ఒక ఊరిని, ఒక వృత్తిని వ్యాధికి మూలంగా చిత్రించే శీర్షికలు ఆ ప్రజలను ఆసుపత్రికి దూరం చేస్తాయి.

5. ప్రతి వార్తలోనూ చికిత్స ఎక్కడ లభిస్తుందో తెలియజేయడం పాఠకునికి చేసే మేలు. జాతీయ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి, పేరు చెప్పకుండానే సలహా పొందవచ్చు.

సుఖవ్యాధుల నియంత్రణలో వైద్యశాస్త్రం చేయవలసినది చాలావరకు చేసింది. మిగిలినది రోగికి, వ్యవస్థకు మధ్య నమ్మకం. గ్రామంలోని ఏ.ఎన్.ఎం. తన రిజిస్టరును నలుగురి ముందు తెరిచి పెట్టదన్న నమ్మకం, ఫలితం చదివే సాంకేతిక నిపుణుడు పేరు పిలిచి చెప్పడన్న నమ్మకం, మరునాటి పత్రికలో తన వీధి పేరు రాదన్న నమ్మకం ఉన్ననాడు ఆ గర్భిణి రెండోసారి కూడా ఆసుపత్రికి వస్తుంది. ఆమె రావడమే బిడ్డకు రక్ష. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత వైద్య సిబ్బందితోపాటు అధికారులపైనా, పాత్రికేయులపైనా సమానంగా ఉన్నది.